చోడిగింజంత శుక్రుడు

నరసింగరావు పోయిన పదోరోజు, భోజనాలయ్యాక, అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటూ గోవింద్ ఒక మాటన్నాడు. గరివిడి దగ్గర ఫర్నేసులో ఇద్దరూ ఒకే ఏడాది పనిలో చేరినవాళ్లు.

"మావోడు బంగారం. వంక పెట్టడానికి నేదు. ఒక్కటే, మనిషి మొహం సూసి మాటాడడు. మనం ఇక్కడ కూకుంటే ఆడి సూపు మన సెవి పక్కన ఏలాడతుంటాది."

"నాతోనూ అంతే," అని ఎవరో అందుకున్నారు. నలుగురూ మెల్లగా నవ్వుకున్నారు.

లోపలి గదిలో గోడకానుకుని కూర్చున్న పద్మకుమారికి ఆ మాట వినబడింది. కోపం రాలేదు. ఊళ్లోవాళ్లకి అదొక వింత అలవాటు, అంతే. ఆమెకి మాత్రం పదిహేడేళ్లపాటు అది ఇంకెవరికీ చెప్పుకోలేని ప్రశ్న. ఈ మనిషికి నా మొహం చూడబుద్ధి ఎందుకు కాదు?

మొదట్నుంచీ అలా ఉండి ఉంటే ఆమె బాధపడేది కాదేమో. వాళ్లది మేనరికం. లక్ష్మణమ్మ కొడుకు నరసింగరావు, ఆమె అన్నకూతురు పద్మకుమారి. పెళ్లయిన కొత్తలో అతను అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేసి మరీ ఆమెని చూసేవాడు. "అత్త సూస్తన్నాది బావా, ముద్ద ఎత్తు," అని ఆమే గదమాల్సి వచ్చేది. కూతురు సుహాసిని పుట్టాక కూడా ఆ చూపు తగ్గలేదు. తొంభై అయిదులో, దీపావళి మర్నాడు సూర్యగ్రహణం పట్టింది. ఆ తర్వాతే మారిపోయాడు.

గ్రహణాలంటే అతనికి చిన్నప్పట్నుంచీ పిచ్చి. ఎనభైలో పెద్ద గ్రహణం పట్టినప్పుడు ఊరంతా తలుపులు బిగించుకుంటే, ఇరవయ్యేళ్ల నరసింగరావు పెరట్లో పళ్లెంలో పసుపునీళ్లు పోసుకుని అందులో చూశాడట. నీళ్లకన్నా అతన్ని పట్టేసింది కానుగచెట్టు నీడ. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ ఒక్కొక్కటీ నెలవంకలైపోయాయట. వందల నెలవంకలు, గాలికి కదులుతూ. ఆ సంగతి పెళ్లయిన వారంలోనే పద్మకుమారికి చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె మొహంలోకే చూశాడు.

తొంభై అయిదు నాటికి అతను ఫర్నేసు నోటి దగ్గర పనిచేస్తున్నాడు. మాంగనీసు రాయి కరిగి ఎర్రగా కాలవ కట్టి వచ్చేటప్పుడు, దాని రంగు చూసి పాకం కుదిరిందో లేదో చెప్పాలి. దానికో నీలం అద్దం ఉంటుంది, టోపీకి తగిలించుకుని కళ్ల మీదికి దించుకునేది. ఆ అద్దాన్ని గ్రహణం కోసం ముందురోజే ఇంటికి తెచ్చుకున్నాడు.

పొద్దున్నే లక్ష్మణమ్మ ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, నడింట్లో రోకలి నిలబెట్టింది. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది అని ఆవిడ నమ్మకం. కొడుకు నీలం అద్దం తుడుచుకుంటూ బయల్దేరడం చూసి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఒరే, ఆ ఎలుగు మంచిది కాదు. కళ్లు పోతాయిరా."

"అమ్మా, కరిగిన రాయిని రోజూ ఈ అద్దంలోంచే సూస్తన్నాను. సూరీడేటి, అంతకన్నా మండిపోతాడా మన పెరట్లో?"

"నీకు నోరెక్కువైపోనాది."

"నీ రోకలి పడిపోతే కేకెయ్యి, వచ్చెత్తాను," అని నవ్వుతూ తల్లిని పక్కకి జరిపి వెళ్లిపోయాడు.

అతను మెట్ట చేను గట్టు మీద నిలబడి సూర్యుణ్ణి చూశాడు. పద్మకుమారి తలుపు సందులోంచి అతన్ని చూసింది. అప్పుడప్పుడూ తల దించుకుంటూ, మళ్లీ ఎత్తుతూ, పావుగంటకు పైగా చూశాడు. ఆరేళ్ల సుహాసిని అతని దగ్గరకి పరిగెత్తడం, లక్ష్మణమ్మ వెనకాలే వెళ్లి పిల్ల రెక్క పట్టుకుని బరబరా లాక్కొచ్చేయడం కూడా ఆమె చూసింది. ఇంట్లోకొచ్చి అతను, "సల్లగా ఉన్నాడు సూరీడు, ఎన్నెల్లాగ," అన్నాడు.

మర్నాడు తలనొప్పి అని పడుకున్నాడు. నెల తిరక్కుండా ఫర్నేసు పని వద్దని తనే అడిగి, రాయి దింపుకునే యార్డులోకి మారాడు. "బుద్ధుండే మారినావా?" అని గోవింద్ తిడితే, "వేడి పడతన్నేదురా," అన్నాడు. ఆ నీలం అద్దం ముక్కలై పెంటగోతిలో కనబడింది పద్మకుమారికి. ఎందుకు పగలగొట్టాడో అడగలేదు.

అప్పట్నుంచి అతని చూపు ఆమె మొహం మీద నిలవడం మానేసింది. మాట్లాడేది ఆమెతోనే, చూసేది ఆమె చెవి వైపు. కొత్త చీర కట్టుకుంటే చీర బాగుందనేవాడు, బొట్టు పక్కకి జరిగినా గమనించేవాడు కాదు. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు వడ్డిస్తూ అడిగేసింది.

"ఏటి బావా, నా మొహం మీదేటైనా ఉన్నాదా?"

"నేదే."

"మరి అటు సూస్తావేటి?"

"ఎటు సూసేను? నీకేదో తోస్తాది, నన్ను తింతావు!" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఆ రోజు తర్వాత చెవి వైపు చూడ్డం కూడా పోయింది. ఆమెతో మాట్లాడినంతసేపూ నేలకేసి చూసేవాడు. లక్ష్మణమ్మ కూడా కనిపెట్టింది. "మగోడు ఎటో సూస్తన్నాడంటే, ఎటు సూస్తన్నాడో ఆడదే కనిపెట్టుకోవాల," అని ఒక సాయంత్రం చాటలో నువ్వులు చెరుగుతూ దెప్పింది. పద్మకుమారి కనిపెట్టుకుంది కూడా. గరివిడి బజారుకి అతని వెనకాల వెళ్లింది. సంతకి వెళ్లింది. అతను మరే ఆడమనిషి మొహమూ చూడలేదు. అసలెవరి మొహమూ చూడలేదు. అది తెలిశాక కొంచెం ఊరట కలిగింది కానీ, ప్రశ్న అలాగే మిగిలింది. అందరితో పాటేనా నేను కూడా?

మనిషి ఎవరికీ చెడ్డవాడు కాడు. తాగడు, అరవడు. పత్రిక చదివేటప్పుడు తల ఒక పక్కకి వాల్చి, కాగితాన్ని అటూ ఇటూ జరుపుతూ నెమ్మదిగా చదివేవాడు. ఆకాశం పిచ్చి కూడా పోలేదు, దారి మార్చుకుంది. సూర్యుడి వైపు తలెత్తి చూడ్డం మానేసి, సూర్యుణ్ణే ఇంట్లోకి తెచ్చేవాడు. వాకిట్లో స్టూలు మీద చిన్న అద్దం ముక్క, దాని ముందు కళ్లజోళ్లలో వేసే బిళ్ల ఒకటి. అద్దం మీద పడ్డ ఎండ బిళ్లలోంచి దూరి, చీకటి చేసిన గదిలో గోడకంటించిన తెల్ల కాగితం మీద గుండ్రంగా పడేది. అదే సూర్యుడు. తొంభై తొమ్మిదిలో సాయంత్రం గ్రహణం పట్టినప్పుడు వీధిలో సగం మంది ఆ గదిలోనే ఉన్నారు. గ్రహణం వేళ బయటికి వెళ్లకూడదు గానీ ఇంట్లో గోడ చూడకూడదని ఎవరూ చెప్పలేదు కదా. లక్ష్మణమ్మ కూడా రోకలి నిలబెట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"ఇదేట్రా, సూరీడు ఇంత సిన్నోడైపోనాడు?"

"నీకు బయపడి."

"థూ, ఎదవ," అని మురిసిపోయింది. తర్వాత రెండేళ్లకి ఆవిడ పోయింది.

రెండువేల నాలుగు జూన్‌లో శుక్రగ్రహం సూర్యుడి ముందు నుంచి నడిచి వెళ్తుందని పత్రికలో పడింది. ఆ కాలంలో బతికున్నవాళ్లెవరూ చూడనిది. నరసింగరావు సెలవు పెట్టాడు. మిట్టమధ్యాహ్నం పద్మకుమారి మజ్జిగ ఇవ్వడానికి వెళ్లేసరికి, అతను గోడకి జానెడు దూరంలో మొహం పెట్టి కాగితాన్ని గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. ఆమె చూడగానే కనబడింది. గోలీకాయంత సూర్యుడి మీద ఇసకరేణువంత నల్ల చుక్క.

"ఆ సుక్కేటి బావా?"

"ఏ సుక్క?"

"అదిగో."

"గోడ మీద మచ్చయుంటాదిలే. ఎల్లి పని సూసుకో."

గోడ మీది మచ్చ సూర్యుడితోపాటు జరగదని ఆమెకి తెలుసు. మర్నాడు పత్రికలో బొమ్మ పడింది, ఆమె చూసింది చూసినట్టే. తనకి చూపించడం ఇష్టం లేక అబద్ధమాడాడనుకుంది. అతను మూడోరోజు విజయనగరం వెళ్లి కళ్లజోళ్ల దుకాణంలో పావు పవరు బిళ్ల అడిగాడు. "పావు పవరేటండీ? ఎట్టుకున్నా ఒకటే, ఎట్టుకోపోయినా ఒకటే," అని దుకాణంవాడు నవ్వాడట. అంతకు ముందున్నది అరపవరుది. పావు పవరైతే గోడ రెండింతల దూరం, పదమూడడుగులు ఉండాలి. సూర్యుడు రెండింతలు పెద్దగా పడతాడు. శుక్రుడు ఎనిమిదేళ్లకి మళ్లీ ఒకసారి అలాగే నడుస్తాడని పత్రికలో చదివి, ఆ బిళ్లని మెత్తని గుడ్డలో చుట్టి అప్పటిదాకా దాచాడు.

రెండువేల పన్నెండు జూన్ అయిదో తారీకు రాత్రి అన్నాలప్పుడు, నేల చూస్తూనే అన్నాడు.

"పద్మా, రేపు నాకో సాయం సెయ్యాల. నేను బయట అద్దం తిప్పతంటాను. నువ్వు గోడకాడ కూకుని, శుక్రుడు ఎక్కడున్నాడో సెప్పాల. రేపు తప్పితే మరి నూటైదేళ్లకి."

"అప్పటికైతే నాకూ తీరికుంటాదిలే."

అతను నవ్వలేదు. "రేపే," అన్నాడు.

అన్నేళ్లలో అతను ఆమెని అడిగిన మొదటి సాయం అది. సుహాసిని పెళ్లయి బొబ్బిలి వెళ్లిపోయింది, ఇంట్లో ఇద్దరే. తెల్లారకముందే లేచాడు. తూర్పంతా మబ్బు. ఆరయింది, ఏడయింది. అతను వాకిట్లో పచార్లు చేస్తున్నాడు, చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది. మబ్బు వెనక శుక్రుడు నడుస్తూనే ఉన్నాడు. పదిన్నర లోపల దాటిపోతాడు. తొమ్మిదిన్నరకి గానీ ఎండ చుర్రుమనలేదు. గది తలుపు ఓరగా మూసి, గోనె కట్టి, అద్దం తిప్పాడు. గోడ మీద సూర్యుడు పడ్డాడు, అంగుళంన్నర వెడల్పున.

"ఉన్నాది! చోడిగింజంత ఉన్నాది!" అని, రాగిగింజంత నల్ల చుక్కని చూసి పద్మకుమారి అరిచింది.

అతను పరిగెత్తుకొచ్చాడు. కాగితానికి ఎదురుగా నిలబడ్డాడు. "ఎక్కడ?"

ఆమె వేలు పెట్టి చూపించింది. అతను వేలి కొసని తిన్నగా చూశాడు. మొహంలో ఏమీ లేదు. ఆమెకి లోపల మండుకొచ్చింది. మళ్లీ మచ్చంటాడు కాబోలు. అప్పుడతను మెల్లగా తల పక్కకి తిప్పాడు. గోడకి ఆ పక్కన క్యాలెండరు మేకు ఉంది. శ్రద్ధగా ఆ మేకుకేసి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా నోరు తెరుచుకుంది.

"ఉన్నాది," అన్నాడు. "ఒసే, ఉన్నాదే."

పద్మకుమారి గోడ కేసి చూడ్డం మానేసింది. ఆ తల తిప్పడం ఆమెకి తెలుసు. ఆమె వైపు చూసి మాట్లాడిన ఆఖరి రోజుల్లో ఆ తల సరిగ్గా అంతే తిరిగి ఉండేది. సూర్యుడిలో చుక్క కనబడాలంటే మేకుని చూస్తున్నాడు. మరి ఆ రోజుల్లో నా చెవిని చూసింది ఏం కనబడాలని?

ఆమె అతని జబ్బ పట్టుకుని గుమ్మం వెలుతురులోకి లాక్కొచ్చింది.

"తిన్నగా సూడు. నా ముక్కుకేసి. పుడక ఉన్నాదా నేదా?"

"ఇప్పుడేటే? అక్కడ టయమైపోతన్నాది."

"సెప్పు బావా."

అతను తిన్నగా చూశాడు. చాలాసేపు చూశాడు. ఏళ్ల తర్వాత ఆ కళ్లు తిన్నగా ఆమె మీద ఉన్నాయి, వాటికి ఏమీ కనబడ్డం లేదని ఆమెకి తెలిసిపోయింది. చూపు మెల్లగా ఆమె చెవి పక్కకి జారింది.

"ఉన్నాది," అన్నాడు నెమ్మదిగా.

తర్వాత చెప్పాడు. గుమ్మంలో నిలబడే, గబగబా, బరువు దింపుకున్నట్టు. నీలం అద్దం ఫర్నేసుకి పనికొస్తుంది గానీ సూర్యుడికి పనికిరాదు. నొప్పి తెలియకుండానే రెండు కళ్లలోనూ నడిమధ్యన కాలిపోయింది. ఏది తిన్నగా చూస్తే అది పోతుంది. అక్షరం చూస్తే అక్షరం, మొహం చూస్తే మొహం. పక్కనున్నవి మాత్రం కనబడతాయి. శ్రీకాకుళంలో ఒక కళ్లడాక్టరు, ఇది ఇక రాదని అప్పుడే చెప్పేశాడు.

"నాకెందుకు సెప్పనేదు?"

"నువ్వు అమ్మకి సెప్తావు."

"సెప్తే?"

"ఆ రోజు సుహాసిని అద్దం ఇమ్మని ఏడిసినాది. ఇచ్చీబోనాను పద్మా. సెయ్యి సాపినాను. అమ్మొచ్చి పిల్లని లాక్కెల్లిపోనాది. నేదంటే అదీ నాలాగే... అమ్మ ఎరక్క సెప్పినాది, సరైనాది. నేను అన్నీ ఎరిగున్నోణ్ణని తప్పు అద్దం ఎట్టుకున్నాను. ఆ మాట ఆవిడ ముందర ఒప్పుకోనేకపోనాను. ఒప్పుకుంటే ఊరంతా మరి తలుపులేసుకుని కూకుంటారు. గ్రహణమే కొట్టింది నర్సింగరావుని, అంతారు. కొట్టింది గ్రహణం కాదే, ఎండ. ఏ రోజు అలాగ సూసినా కొడతాది."

"అత్త పోయి పదకొండేళ్లయినాది!"

అతని చూపు మళ్లీ నేలకి దిగింది.

"నన్ను సూడబుద్ధి కాటం నేదనుకున్నాను. బజార్లో నీ ఎనకాల దొంగలాగ తిరిగినాను, ఎరుగుదువా? నా మొహంలో ఏటి తగ్గిపోనాదా అని..." ఏడుపు రాలేదు. వొళ్లంతా కోపం. ఈ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే!

ఇద్దరూ ఒక్కసారే గోడ వైపు చూశారు. కాగితం ఖాళీగా ఉంది. అద్దం తిప్పేవాళ్లు లేక సూర్యుడు ఎప్పుడో జారిపోయాడు. గడియారం పదికి అయిదు నిమిషాలు తక్కువ. అతను వాకిట్లోకి పరిగెత్తాడు. వెలుగు తలుపు మీద, కప్పు మీద, ధాన్యం బస్తాల మీద గంతులేసి, చివరికి కాగితం మీదికొచ్చి నిలిచింది. చోడిగింజ సూర్యుడి అంచుకి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

"పద్మా, ఉన్నాదా?"

ఆమె మాట్లాడలేదు.

"పద్మా! అంచు తాకినాదా?"

అతను అద్దం వదిలి రాలేడు, వస్తే సూర్యుడు మళ్లీ జారిపోతాడు. వచ్చినా, అంచు మీదున్న గింజని పక్కచూపుతో పట్టుకోవడం అతని వల్ల కాదు. ఆమె నోరు విప్పకపోతే ఎనిమిదేళ్ల ఎదురుచూపు బూడిదే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పదిహేడేళ్లు నన్ను చీకట్లో పెట్టావు, ఒక్క నిమిషం నువ్వూ ఉండి చూడు, అనుకుంది ఆమె. పళ్లు బిగబట్టి ఉంది.

బయట్నుంచి కేకలు ఆగిపోయాయి. బతిమాలలేదు, తిట్టలేదు. కాగితం మీద సూర్యుడు మాత్రం అంగుళం కూడా జరక్కుండా నిలిచే ఉన్నాడు. జవాబు రాకపోయినా, అతను ఆమె కోసం అద్దం తిప్పుతూనే ఉన్నాడన్నమాట.

గింజ అంచుని తాకింది.

"తాకినాది!" అని అరిచింది. "బావా, ఇప్పుడే. టయం రాసుకో."

"రాసేను! సెప్పు, సెప్తానే ఉండు!"

ఆమె చెబుతూనే ఉంది. సగం బయటికెళ్లింది. అంచు ఎలక కొరికినట్టుంది. గోటి గాటంత మిగిలింది. పోయింది. పది దాటి ఇరవైరెండు నిమిషాలకి ఆఖరి మాట చెప్పింది. వాకిట్లో అతను పుస్తకంలో వంకరగా రాసుకున్నాడు, తల పక్కకి వాల్చి. ఆ పేజీలో ఉన్న టైములన్నీ ఆమె కళ్లవి, రాత అతనిది.

అతను లోపలికొచ్చి గోనె ఎత్తాడు. గదిలోకి ఎండ వచ్చింది. చెమటకి చొక్కా తడిసిపోయి ఉంది. ఆమె గోడ దగ్గరే పీట మీద కూర్చుని ఉంది, లేవలేదు. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అతను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కాసేపు నేల చూశాడు. తర్వాత తల ఎత్తి, పక్కకి తిప్పి, ఆమె చెవి దగ్గర చూపు నిలబెట్టాడు. అలాగే ఉండిపోయాడు.

"ఏటే," అన్నాడు చివరికి, నిజంగా ఆశ్చర్యపోతూ, "జుట్టంతా నెరిసిపోనాదేటి!"

"పదిహేడేళ్లయినాది మరి. నెరవక?"

అతను తల దించుకోబోయాడు. ఆమె చెయ్యి చాపి అతని గడ్డం పట్టుకుని, మొహాన్ని మళ్లీ అదే పక్కకి తిప్పింది.

"సూడు," అంది. "ఈపాలి తాపీగా సూడు. నాకు పొయ్యి మీద పనేటీ నేదు."